పదిహేను మందా, పదమూడు మందా?

నేను రిటైరై చాలా కాలమైంది. కౌంటీ పార్కుల ఆఫీసులో ఎవరైనా కొత్తగా చేరితే, అక్కడి పాతవాళ్లు ఇప్పటికీ నా గురించి ఒక కథ చెబుతారట. రెండు రగ్బీ జట్లు కలిసి ఒకే మనిషిని తిట్టిన రోజు కథ. ఆ తిట్లు తిన్నది నేనే. కథ నోళ్లు మారి మారి, నేను చీర కట్టుకుని బురదలో పరుగెత్తానన్నదాకా వచ్చిందని ఈమధ్యే తెలిసింది. అది శుద్ధ అబద్ధం. ఆ రోజు నేను వేసుకున్నది ముదురు నీలం ట్రాక్ సూటు. అందుకే, జరిగింది జరిగినట్టు నేనే రాసిపెడితే మంచిదనిపించింది. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు ఇందులో పనికొచ్చేది ఏమైనా కనిపిస్తే సంతోషం. నవ్వొస్తే ఇంకా సంతోషం.

అమెరికా రాకముందు నేను గుంటూరు దగ్గర ఒక బాలికల హైస్కూల్లో డ్రిల్ టీచర్ని. పొద్దున్నే పిల్లల్ని వరసల్లో నిలబెట్టడం, సాయంత్రం చెడుగుడు, త్రోబాల్ ఆడించడం, వార్షికోత్సవానికి డ్రిల్ ప్రదర్శన తయారుచేయడం నా పని. డెబ్బైల చివర్లో మా ఆయనకు మందుల కంపెనీలో కెమిస్టు ఉద్యోగం రావడంతో న్యూజెర్సీలోని పిస్కాటవేకి వచ్చాం. ఇక్కడ డ్రిల్ టీచర్ ఉద్యోగం నాకెవరిస్తారు? కౌంటీ పార్కుల ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఫోన్లు ఎత్తుతూ, ఎత్తుతూ, మైదానాలు ఎవరికి ఏ పూట ఇవ్వాలో చూసే సీటుకి వచ్చి కూర్చున్నాను. ఎవరూ కోరుకోని సీటు అది. బేస్‌బాల్ వాళ్లు, సాకర్ వాళ్లు, పిల్లల తల్లిదండ్రులు, అందరూ ఆ సీటులో ఉన్న మనిషి మీదే అరిచేవాళ్లు. గుంటూరు ఆడపిల్లల గొంతులకి అలవాటుపడ్డ చెవులు నావి. నాకు అది అరుపులా అనిపించేది కాదు.

నా పై అధికారి ఇటాలియన్ కుటుంబంలో పుట్టిన భారీ మనిషి. ఆయనకు ప్రపంచంలో ఒకే ఆట ఉంది, అది బేస్‌బాల్. మిగిలినవన్నీ గడ్డి పాడుచేసే పనులు. మైదానాలు చూసుకునే ఆయన సౌత్ కరోలినా నుంచి వచ్చిన నల్లజాతి పెద్దమనిషి, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. తక్కువ మాట్లాడతాడు. గడ్డి మీద ఎవరైనా అనవసరంగా నడిస్తే మాత్రం దూరంనుంచే గట్టిగా దగ్గుతాడు. ఆ దగ్గు విని వెనక్కి తగ్గని మనిషిని నేను చూడలేదు.

కౌంటీ మొత్తానికి ఇంగ్లిషు ‘హెచ్’ అక్షరంలా గోల్ స్తంభాలున్న మైదానం ఒక్కటే ఉండేది. అది రగ్బీ వాళ్లది. శనివారాలు ఒక క్లబ్ వాళ్లు వచ్చి ఆడుకునేవారు. డాక్టర్లు, లాయర్లు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్లు. వాళ్ల కెప్టెన్ ఒక పళ్ల డాక్టరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మర్యాదగా ఉండే మనిషి. ఆటయ్యాక ఒళ్లంతా బురదతో, అవతలి జట్టు భుజాల మీద చేతులేసి పాటలు పాడేవాళ్లు. మా బాస్ ఆ ఆటని ‘హెల్మెట్ లేని ఫుట్‌బాల్’ అనేవాడు.

ఎనభైల మధ్యలో ఒక రోజు గళ్ల చొక్కా వేసుకున్న పొట్టి మనిషి నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. మెడ కనిపించనంత దిట్టంగా ఉన్నాడు. చేతులకి సిమెంటు మరకలు.

“మైదానం కావాలి, లవ్,” అన్నాడు.

నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను. ఆయన వచ్చింది ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతం నుంచనీ, అక్కడ బస్ కండక్టర్ నుంచి పాలమ్మే ఆవిడదాకా అందరినీ అలాగే పిలుస్తారనీ తర్వాత తెలిసింది. ఆయన తాపీ మేస్త్రీ. ఇటుకలతో ఇళ్ల గోడలూ పొగగొట్టాలూ కట్టేవాడు.

“ఏ ఆటకి?” అన్నాను.

“రగ్బీ.”

“రగ్బీ క్లబ్ ఒకటి ఉంది కదా?”

“అది పదిహేను మంది ఆట. మాది పదమూడు మంది ఆట.”

“ఇద్దరు తక్కువైతే వేరే మైదానం ఎందుకు?”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను అడగకూడనిది అడిగానని అప్పుడే అర్థమైంది. ఆ మధ్యాహ్నం భోజనం మానేసి ఆయన చెప్పింది విన్నాను. దాదాపు వందేళ్ల కిందట వాళ్ల ప్రాంతంలో మిల్లుల్లో, గనుల్లో పనిచేసేవాళ్లు రగ్బీ ఆడేవారట. శనివారం ఆటకి వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలైనా ఇప్పించండి అన్నారు. ఆటని నడిపే పెద్దవాళ్లు, డబ్బు మాటెత్తితే అది పెద్దమనుషుల ఆట కాదన్నారు. ఉత్తరాదివాళ్లు విడిపోయారు. తమ ఆటకి తామే రూల్సు మార్చుకున్నారు. జట్టుకి ఇద్దర్ని తగ్గించారు. పట్టుబడిన ఆటగాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టాలి, ఆట ఆగకుండా సాగాలి. ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్లకి. పదిహేను మంది ఆట పేరు యూనియన్, పదమూడు మంది ఆట పేరు లీగ్.

“ఒకణ్ని పట్టుకోగానే పదిమంది గుట్టలా మీదపడి బంతి ఎక్కడుందో వెతుక్కోవడం ఆటా, లవ్?” అన్నాడు.

తర్వాత ఇదే మాట పళ్ల డాక్టరుతో అంటే ఆయన చాలా శాంతంగా, “ఆట ఉన్నదే ఆ గుట్టలో, మేడమ్,” అన్నాడు.

మేస్త్రీ తన జట్టుని ఇళ్ల కప్పులు వేసేవాళ్లతో, ట్రక్కు డ్రైవర్లతో, హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడి ఆ తర్వాత ఆడే చోటు దొరకని కుర్రాళ్లతో తయారుచేశాడు. అమెరికా మొత్తం ఒకనాటికి ఈ ఆటే ఆడుతుందని ఆయన నమ్మకం. “మీ ఫుట్‌బాల్‌కి దగ్గరి చుట్టం ఇది,” అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. నాకూ చెప్పాడు. నాది అమెరికా ఫుట్‌బాల్ కాదనీ, చెడుగుడనీ అన్నాను. ఆ ఆట ఎలా ఆడతారో చెప్పించుకుని, “అయితే నువ్వు మావైపే,” అన్నాడు.

సమస్య శనివారాలతో వచ్చింది. ఇద్దరికీ శనివారమే కావాలి. ఒకరికి పొద్దున, ఒకరికి మధ్యాహ్నం ఇచ్చి చూశాను. రెండు ఆటలు పడేసరికి గడ్డి పోయి బురద మిగిలింది. మైదానం ఆయన దగ్గీ దగ్గీ విసిగిపోయాడు. పైగా గీతల గొడవ. పదిహేను వాళ్ల గీతలు ఒకచోట, పదమూడు వాళ్ల గీతలు ఇంకోచోట. తెల్ల సున్నంతో ఆయన గీసిన గీతల మీద మేస్త్రీ మనుషులు తెల్లవారకుండానే వచ్చి నీలం గీతలు గీసుకునేవారు. ఒక శనివారం రెండు జట్లూ ఒకే వేళకి వచ్చి చెరో చివరా నిలబడ్డాయి. ఎవరూ ఆడరు, ఎవరూ పోరు. పార్కుకి వచ్చిన జనం ఏదో మొదలవుతుందని గడ్డి మీద కూర్చుని ఎదురుచూశారు.

సోమవారం బాస్ పిలిచాడు.

“వచ్చే వసంతం నుంచి ఆ మైదానం ఒక్కళ్లకే. ఎవరికో నువ్వే చెప్పు.”

“నేనా?”

“ఆ సీటులో ఉన్నది నువ్వు కదా? ఎవరి ఆటకి జనం వస్తారో వాళ్లకివ్వు. రెండోవాళ్లు బేస్‌బాల్ నేర్చుకుంటారు.”

ఇద్దర్నీ విడివిడిగా పిలిచాను. ముందు పళ్ల డాక్టరు వచ్చాడు. తాము ముందు నుంచీ ఉన్నామనీ, చుట్టుపక్కల కాలేజీలన్నిటిలో తమ ఆటే ఉందనీ చెప్పాడు. చెప్పాల్సిందంతా అయిపోయాక కూడా లేవలేదు.

“అతను మా క్లబ్బులోనే ఆడేవాడు,” అన్నాడు. “అమెరికా వచ్చిన కొత్తలో. మాలో అందరికంటే బాగా ఆడేవాడు.”

“మరి ఏమైంది?”

“లీగ్ ఆడినవాడు యూనియన్‌లో జన్మలో ఆడకూడదని రూలుంది, మేడమ్. అతను ఆ జట్టు పెట్టాడు. నువ్విక రావద్దని చెప్పాల్సి వచ్చింది. కెప్టెన్ని నేనే కాబట్టి నేనే చెప్పాను.” లేస్తూ అన్నాడు. “మా ఇంట్లో ఫైర్‌ప్లేస్ కట్టింది అతనే. చలికాలం అంతా దాని ముందు కూర్చోవాలి.”

మేస్త్రీని అడిగితే ఆయన గోడకేసి చూస్తూ, “మా ఊళ్లో పుట్టిన ఆట ఆడాను, లవ్. అందుకు నా స్నేహితుడు నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపేశాడు,” అన్నాడు. ఇద్దరూ ఏడాదికి పైగా మాట్లాడుకోలేదు. నాకు మైదానం సంగతి వెనక్కి పోయి ఇది ముందుకొచ్చింది.

ఇక్కడ మా చర్చి సంగతి చెప్పాలి. మా పుట్టింటివాళ్లు లూథరన్లు, మా ఆయనవైపు వాళ్లు బాప్టిస్టులు. మాకు పసిపిల్లల తల మీద నీళ్లు చల్లితే బాప్తిస్మం అయిపోతుంది. వాళ్లకి పెద్దయ్యాక నిండా ముంచితే తప్ప లెక్కలోకి రాదు. మా పెళ్లికి ముందు రెండు వైపులా దీనిమీద జరిగిన రాయబారాలు ఇన్నీ అన్నీ కావు. న్యూజెర్సీలో అప్పట్లో తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొద్దిగానే ఉండేవి. విడివిడిగా ఆరాధన పెట్టుకుంటే హార్మోనియం ఒకచోట, పాట ఎత్తుకునే గొంతు ఇంకోచోట ఉండేవి. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో అందరం కలిసే పాడుకునేవాళ్లం. తర్వాత భోజనాల దగ్గర పెద్దవాళ్లు నీళ్ల గురించి వాదించుకునేవారు.

ఆ వారం కూడా వాదన మొదలైంది. “మీది బాప్తిస్మం కాదండీ, జల్లు,” అన్నాడు ఒక అంకుల్. “మీది స్నానం,” అన్నాడు ఇంకో అంకుల్. అంతలో ఒకావిడ కూర గిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఒకరి కంచంలో ఒకరు వడ్డించుకుంటూ వాదన కొనసాగించారు. చూస్తుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. వీళ్లు విడిపోకుండా ఉన్నది ఒక అభిప్రాయానికి వచ్చినందుకు కాదు. ఒకే గదిలో కూర్చోక తప్పనందుకు.

కారులో ఇంటికొస్తూ మా ఆయనకి చెప్పాను. “రెండు జట్లనీ ఒకే రోజు ఒకే మైదానంలో ఆడిస్తాను. మొదటి సగం వాళ్ల రూల్స్, రెండో సగం వీళ్ల రూల్స్.”

ఆయన డ్రైవ్ చేస్తూనే నావైపు చూశాడు. “ముందు చల్లి, తర్వాత ముంచుతావన్నమాట. ఆఫీస్‌లో నీ జాబ్ ఉంచుతారా?”

ఉంచారు. ఏప్రిల్లో పార్కులు తెరిచే పండుగ రోజున జనాన్ని రప్పించడానికి ఏం చేయాలా అని బాస్ అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు. ఒప్పుకున్నాడు. గెలిచినవాళ్లకి శనివారాలు అని రెండు జట్లూ ఒప్పుకున్నాయి. పళ్ల డాక్టరు మాత్రం ఒక షరతు పెట్టాడు. లీగ్ వాళ్లతో మ్యాచ్ ఆడినట్టు బయటికి తెలిస్తే తన జట్టు మొత్తాన్నీ జన్మలో ఆడనివ్వరు. కాబట్టి ‘మ్యాచ్’ అన్న మాట ఎక్కడా ఉండకూడదు.

“మా స్కూల్లో వార్షికోత్సవానికి డ్రిల్ ప్రదర్శన అనేవాళ్లం,” అన్నాను.

ఆయన ఆ మాటని రెండుసార్లు తనలో తాను అనుకుని, “అద్భుతంగా ఉంది,” అన్నాడు. పోస్టర్ల మీద అలాగే వేశాం. రగ్బీ చరిత్రలోని పెద్ద గొడవ గుంటూరు బాలికల వ్యాయామం ముసుగు వేసుకుందన్నమాట.

అన్నీ కుదిరాక రిఫరీ దగ్గర ఆగిపోయింది. యూనియన్ రిఫరీ భయపడి రానన్నాడు. మేస్త్రీ చూపించిన రిఫరీ ఆయన బావమరిది. ఆ మాట వినగానే పళ్ల డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ రోజే ఇద్దరూ మొదటిసారి నా బల్ల ముందు ఒకేసారి కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. కాసేపటికి ఇద్దరూ నావైపు చూడటం మొదలుపెట్టారు.

“మీకు విజిల్ వేయడం వచ్చు కదా?” అన్నాడు పళ్ల డాక్టరు.

“ఈ రెండు ఆటల్లో నాకు ఏదీ రాదు.”

“అదే కావాలి, లవ్,” అన్నాడు మేస్త్రీ. “రెండూ సమానంగా రానివాళ్లు మాకింకెవరు దొరుకుతారు?”

రెండు రూల్ పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను. భోజనాల బల్ల మీద మా ఆయన పోపుల డబ్బా తెరిచి లవంగాల్ని యూనియన్‌గా, యాలకుల్ని లీగ్‌గా నిలబెట్టేవాడు. బంతి దాల్చిన చెక్క. ఆయన బాప్టిస్టు కాబట్టి ఎందుకో పదమూడు వాళ్లవైపు మొగ్గు చూపేవాడు. యాలకులు ఎప్పుడూ గెలిచేవి. ఆ కొన్ని వారాలూ మా ఇంట్లో కూరలకి మసాలా సరిగ్గా పడలేదు.

పండుగ రోజు వచ్చింది. ముందురోజు వాన పడి నేల మెత్తగా ఉంది. మైదానం ఆయన కొత్త సున్నంతో తెల్ల గీతలు గీసి, సగం ఆటయ్యాక వేయడానికి నీలం పొడి సిద్ధంగా పెట్టుకున్నాడు. స్కోరు బోర్డు కూడా ఆయనే చూస్తానన్నాడు. జనం అనుకున్నదానికంటే చాలామంది వచ్చారు. ఒకవైపు యూనివర్సిటీ వాళ్లు, ఒకవైపు పిల్లా పాపలతో కప్పులు వేసేవాళ్ల కుటుంబాలు, మధ్యలో మా చర్చి వాళ్లు కొంతమంది. మా వాళ్లు ఆట కోసం రాలేదు. నన్ను చూడటానికి వచ్చారు. ఎందుకైనా మంచిదని గారెలు, కోడికూర గిన్నెలు తెచ్చుకున్నారు.

ట్రాక్ సూటు, కాన్వాసు బూట్లు, మెడలో గుంటూరు నుంచి తెచ్చుకున్న విజిల్. ముప్పైమంది బలిసిన మగాళ్ల మధ్యలో నిలబడి విజిల్ నోట్లో పెట్టుకోగానే భయం పోయింది. వరసలో నిలబెట్టాల్సిన పిల్లలే, కాస్త పెద్ద సైజు.

మొదటి సగం పదిహేను వాళ్ల రూల్స్. మేస్త్రీ ఇద్దరు తోటి పనివాళ్లని చేర్చుకుని లెక్క సరిచేసుకున్నాడు. ఆ ఆటలో ఎనిమిదేసి మంది తలలు కలిపి ఒకరినొకరు తోసుకునే స్క్రమ్ ఒకటుంది. అది మొదటిసారి కూలినప్పుడు, కొట్టుకుంటున్నారనుకుని విజిల్ వేసి విడదీయబోయాను. లోపల నుంచి ఎవరో చాలా మర్యాదగా, “మేము బాగానే ఉన్నాం, మేడమ్,” అన్నారు. కూలిన ప్రతిసారీ తప్పు ఎవరిదో తేల్చాలి. ఆ కాళ్లూ చేతుల కలగాపులగంలో ఎవరిదని తేల్చను? బంతి ఒకసారి వీళ్లకి, ఒకసారి వాళ్లకి ఇచ్చాను.

నాలుగోసారి పళ్ల డాక్టరు దగ్గరికొచ్చాడు. “మేడమ్, మీరు వంతులవారీగా ఇస్తున్నారా?”

“అవునండీ.”

వెనకనుంచి మేస్త్రీ, “ప్రతి రిఫరీ చేసేది అదే. ఒప్పుకున్నది ఈవిడ ఒక్కతే,” అన్నాడు. ఏడాది తర్వాత ఒకరి మాటకి ఒకరు నవ్వడం అదే మొదలు. పళ్ల డాక్టరు నవ్వి, నవ్వినందుకు తనే ఇబ్బందిపడి వెళ్లిపోయాడు. ఆ సగంలో పదిహేను వాళ్లే పైచేయి.

విరామంలో నీలం గీతలు పడ్డాయి. పదిహేను వాళ్లు ఇద్దర్ని బయట కూర్చోబెట్టారు. రెండో సగంలో పట్టుబడ్డ ప్రతిసారీ నేను పైకి లెక్కపెట్టాలి. కంగారులో నోటికి ఇంగ్లిషు రాలేదు. స్కూల్లో లెక్కపెట్టినట్టే, “ఒకటి,” అని అరిచాను. “రెండు.” “మూడు.” అంతే, గారెల గిన్నెల దగ్గరున్న మా వాళ్లు అందుకున్నారు. వాళ్ల పక్కన కూర్చున్న కప్పులు వేసేవాళ్ల పిల్లలు అందుకున్నారు. కాసేపటికి మైదానం ఈ చివరనుంచి ఆ చివరదాకా, “నాల్గూ, ఐదూ, ఆరూ” అని అమెరికా యాసలో మోగిపోయింది. యూనివర్సిటీ వాళ్లు కూడా ఊరుకోలేదు. నాకు ఒళ్లు పులకరించింది. ఆ పులకరింతలో లెక్క తప్పాను. ఒకరికి ఆరు తర్వాత కూడా బంతి ఉంచాను. జనం ఒక్క గొంతుతో, “ఏడూ” అన్నారు. ఏడు ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు జట్లూ కలిసి నన్ను తిట్టింది అప్పుడే. ఆ తిట్లలో ఇంగ్లండ్, అమెరికా, యూనివర్సిటీ, ఇటుకల బట్టీ అన్నీ ఉన్నాయి.

పదమూడు వాళ్లు తమ ఆటలో అందుకున్నారు. ముగియబోయే వేళకి మేస్త్రీ జట్టు రెండు పాయింట్లు ముందుంది. బంతి పళ్ల డాక్టరు చేతికొచ్చింది. ఎదురుగా స్తంభాలు. ఆయన బంతిని నేల మీదికి వదిలి, అది పైకి లేవగానే తన్నాడు. పాత అలవాటు అది. బంతి రెండు స్తంభాల మధ్యనుంచి అందంగా వెళ్లింది. బోర్డు దగ్గరనుంచి మైదానం ఆయన నావైపు చూశాడు. మూడు వేళ్లు చూపించాను. మూడు పడ్డాయి. పదిహేను వాళ్లు ఒక పాయింటుతో గెలిచారు. ముగింపు విజిల్ వేశాను. వాళ్లు ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు.

పదమూడు వాళ్లలో ఒకడు నామీదికి రాబోయాడు. మేస్త్రీ చెయ్యి అడ్డుపెట్టి, “రిఫరీ ఎంతంటే అంత,” అన్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. మొహంలో రంగు లేదు. ఏదో పొరపాటు జరిగిందని నాకు తెలుస్తోంది గానీ, ఏమిటో తెలియడం లేదు.

అప్పుడు పళ్ల డాక్టరు తన వాళ్లని వదిలించుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు.

“మేడమ్, ఇది రెండో సగం. లీగ్‌లో ఈ కిక్‌కి మూడు కాదు. ఒకటే.”

ఆయన జట్టువాడొకడు భుజం పట్టుకుని లాగాడు. “ఊరుకో. ఆవిడ ఇచ్చేసింది కదా?”

“రూల్ ప్రకారం ఒకటే,” అన్నాడాయన, అటు తిరగకుండా.

మేస్త్రీ తలెత్తాడు. “మా రూల్సు నువ్వెప్పుడు చదివావు?”

“నిన్ను రావద్దన్న వారంలో. దేనికోసం వెళ్లిపోయావో తెలుసుకుందామని.”

“ఏమనిపించింది?”

“అంత మంచి కిక్‌కి ఒక్క పాయింటేనా, మరీ పిసినారి ఆట అనిపించింది.”

మేస్త్రీ నవ్వలేదు. దగ్గరికొచ్చి, బురద చేత్తో ఆయన మెడ వెనక పట్టుకుని, నుదురు నుదురుకి ఆనించాడు. వాళ్లు అలా ఎంతసేపు నిలబడ్డారో గానీ, నేను మాత్రం బోర్డువైపు తిరిగి ఒక్క వేలు చూపించాను. కళ్లు తుడుచుకోవడానికి అటు తిరగడం అవసరమైంది కూడా. పదమూడు వాళ్లు ఒక పాయింటుతో గెలిచారు. శనివారాలు వాళ్లవయ్యాయి. పదిహేను వాళ్లలో కొందరు తమ కెప్టెన్‌తో ఆ సాయంత్రం మాట్లాడలేదు. మూడు గారెలు తిన్నాక మాట్లాడారు.

“రెండు దేశాల్లో ఆడాను, లవ్,” అన్నాడు మేస్త్రీ, కోడికూరతో నోరు మండుతుండగా. “ఇంత ఘోరమైన రిఫరీని ఎక్కడా చూడలేదు.”

“ఈ విషయంలో మేమిద్దరం ఒక్కటే, మేడమ్,” అన్నాడు పళ్ల డాక్టరు.

బాస్ ఒక చేతిలో గారెతో వచ్చి, గడ్డి మీద కూర్చున్న జనాన్ని చూసి, “బేస్‌బాల్‌కి కూడా అప్పుడప్పుడు ఇంతమంది వస్తారు,” అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద ప్రశంస వినలేదు.

కథ ఇక్కడితో అయిపోతే పదిహేను వాళ్లకి చోటు లేకుండా పోయేది. వారం తిరక్కుండా ఇద్దరూ కలిసి ఆఫీసుకి వచ్చారు, ఒకే ట్రక్కులో.

“మైదానం వెనక ఆ చిత్తడి నేల ఎవరిది?” అన్నాడు మేస్త్రీ.

“కౌంటీదే. నీళ్లు నిలుస్తాయని వదిలేశారు.”

“నీళ్లు పోయే దారి మేము తవ్వితే?”

బాస్ మొదట వద్దన్నాడు. మైదానం ఆయన్ని అడిగారు. ఆయన ఆ నేల దాకా నడిచి వెళ్లి, బూటుతో నొక్కి చూసి, వెనక్కొచ్చి, “నేను చెప్పినట్టు చేసేటట్టయితే,” అన్నాడు. ఆయన దగ్గర నేను విన్న పొడుగాటి వాక్యాల్లో అదొకటి. ఆ వేసవంతా సెలవురోజుల్లో తవ్వారు. కప్పులు వేసేవాళ్లు కాలవలు తీస్తే లాయర్లు తోపుడుబళ్లలో మట్టి మోశారు. ఒక ప్రొఫెసరు గొట్టం వాలు గురించి మాట్లాడబోతే మైదానం ఆయన దగ్గాడు. ప్రొఫెసరు పార అందుకున్నాడు. ఆదివారాలు ఆరాధనయ్యాక నేనూ వెళ్లి మజ్జిగ ఇచ్చేదాన్ని. ఉప్పు వేసిన మజ్జిగని పళ్ల డాక్టరు ఒక్కడే రెండోసారి అడిగి తాగాడు.

మేస్త్రీ మీద యూనియన్ నిషేధం మాత్రం పోలేదు. అది తీసేయడం పళ్ల డాక్టరు చేతిలో ఉన్న పని కాదు. అలాంటి రూల్సు మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. స్నేహానికి ఆ రూలు వర్తించదని మాత్రం వాళ్లు తేల్చుకున్నారు. అమెరికా మొత్తం పదమూడు మంది ఆట ఆడుతుందన్న మేస్త్రీ కల కూడా నెరవేరలేదు. కాలేజీల్లో పదిహేను వాళ్లదే పెరిగింది. అయినా ఆయన మనుషులు ఆ మైదానంలో ఏళ్ల తరబడి ఆడారు, వాళ్ల పిల్లల్ని కూడా తెచ్చారు. రెండు ఆటల్లో ఏది గొప్పదని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పను. రెండు వైపులా నన్ను భోజనానికి పిలిచేవాళ్లు. ఆ సౌకర్యం ఎందుకు పోగొట్టుకుంటాను?

మీకు ఒకటి చెప్పాలనుంది. ఉద్యోగంలో మీ ముందుకి రెండు పక్షాలు వస్తాయి. ఎవరు ఒప్పో తేల్చమంటారు. నేను తేల్చాల్సిన రోజున నాకు ఆ జ్ఞానం లేదు. ఉన్నట్టయితే ఎవరో ఒకరికి మైదానం రాసిచ్చి ఇంటికి పోయేదాన్నేమో.

రెండో మైదానంలో గడ్డి పచ్చగా నిలిచిన వసంతంలో, ఒక మధ్యాహ్నం అయిదారుగురు ఆడవాళ్లు నా బల్ల ముందుకొచ్చారు. ఒకామె ఆస్పత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన నర్సు. ఇద్దరు యూనివర్సిటీ విద్యార్థినులు. ఒకామె పళ్ల డాక్టరు చెల్లెలు, ఒకామె మేస్త్రీ భార్య. ఆ ఏప్రిల్ రోజున వాళ్లంతా గడ్డి మీద కూర్చుని నా రిఫరీగిరీ చూసినవాళ్లే.

“మాకూ ఒక పూట కావాలి,” అంది నర్సు.

“ఏ ఆటకి?”

“రగ్బీకి.”

అలవాటుగా పెన్ను తీశాను. “పదిహేను మందా, పదమూడు మందా?”

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సంగతి వాళ్లు అసలు ఆలోచించనే లేదని తెలుస్తూనే ఉంది.

“ఏ రోజు ఎంతమంది వస్తే అంతమంది,” అంది మేస్త్రీ భార్య.

కొత్త మైదానంలో శనివారం పొద్దున వాళ్లకి రాసిచ్చాను. బాస్‌ని అడగకుండా నేను మైదానం ఇవ్వడం అదే మొదటిసారి.